పన్నెండో కథ ఎవరిది?

2023, వానాకాలం. టెక్కలిలో ఆఫీసుల వీధిలో నాకో డీటీపీ సెంటరు ఉంది. డీటీపీ అంటే పెద్ద విద్యేం కాదు. జనం రాసుకొచ్చింది, నోటితో చెప్పింది కంప్యూటర్లో తెలుగులో కొట్టి, పేజీలు సర్ది, ప్రింటు తీసివ్వడం. పెళ్ళి కార్డులు, కాలేజీ ప్రాజెక్టులు వస్తాయి గానీ, అన్నిటికన్నా ఎక్కువ ప్రతి సోమవారం జనం ఆఫీసర్లకి ఇచ్చుకునే అర్జీలే. పదిహేనేళ్ళ అలవాటు కదా, పక్క కొట్టావిడతో చేపల కూర సంగతి మాట్లాడుతూనే పేజీ కొట్టి పారేసేదాన్ని. తప్పు ఒక్కటి దొర్లదని గొప్పలు కూడానూ.

మూర్తి మాస్టారు కోటబొమ్మాళిలో సైన్సు ట్యూషన్లు చెప్పుకుంటారు. ఇరవయ్యేళ్ళుగా వింత కథలు రాస్తున్నారు. తుఫాను వస్తోందని ముందే పసిగట్టి జీడితోట వేళ్ళు పీక్కుని మెట్టకి నడిచిపోవడం, అబద్ధమాడినవాడి మీదే వాన పడడం, అలాంటివి. వాళ్ళ బావమరిది టీ కొట్టు దగ్గర అందరిలోనూ "ఏటి బావా, ఇయాల సెట్లు ఎంతదూరం నడిసేయి?" అని ఆటపట్టిస్తాడు. మాస్టారు నవ్వేస్తారు. ఆ నవ్వు చూస్తే నాకే ప్రాణం ఉసూరుమనేది.

ఆ ఏడు ఆయన ఒక ప్రకటన పట్టుకొచ్చారు. ఊహాకథల సంపుటాలకి దేశం మొత్తం మీద ఇచ్చే అవార్డట. ఏ భాషలోనైనా పంపొచ్చు, అచ్చు కాకపోయినా పీడీఎఫ్ చాలు. కథలన్నీ ఒక్కరే రాసినవై ఉండాలి, లోకంలో లేనివి ఊహించి రాసినవై ఉండాలి.

"ఇదొక్కటీ వస్తే చాలమ్మా సుజాతా. ఇరవయ్యేళ్ళూ పిచ్చిగీతలు గీయలేదని తేలిపోద్ది" అన్నారు.

పదకొండు కథలు, పదకొండు ఫైళ్ళు. ఆఖరి తేదీ సోమవారం పడింది. ఆ రోజు నా కొట్లో కాలు పెట్టడానికి చోటుండదు. మాస్టారి ఫోల్డరు తెరిచి ఉండగానే వజ్రపుకొత్తూరు మండలం నుంచి కామమ్మ వచ్చింది. వయసులో పెద్దది, అక్క వరసన అప్పా అని పిలుస్తాను. వాళ్ళ వీధికి మంచినీళ్ళ కోసం అర్జీ కొట్టించుకుని, వేలిముద్ర వేసి, బస్సుకి టైమైపోయిందని పరుగెత్తింది. తర్వాత మాస్టారి ఫైళ్ళు మెర్జ్ చేశాను. మెర్జ్ అంటే విడివిడి ఫైళ్ళని కలిపి ఒకే పుస్తకం చెయ్యడం. విషయసూచిక దానంతటదే వచ్చేస్తుంది. మాస్టారు గడియారం చూసుకుంటూ, "పంపించెయ్యమ్మా" అన్నారు. పంపించేశాను.

మూడు నెలలకి ఆయన అవార్డు కమిటీ పంపిన ఉత్తరం ప్రింటు పట్టుకుని వచ్చారు. మొహంలో సంతోషం లేదు, ఏడుపూ లేదు.

"సుజాతా, తుది జాబితాకి ముందు జాబితాలో నా పుస్తకం ఉందట. కానీ నాకు మతిగాని పోయిందా? నేను రాసింది పదకొండే కదూ?"

ఉత్తరంలో ఇలా ఉంది: "మీ పన్నెండో కథ 'మంచినీరు ఇప్పించుట గురించి' మమ్మల్ని భయపెట్టింది. అర్జీ రూపంలో కథ చెప్పడం, ఎక్కడా లేని ఊరిని ఇంత నమ్మకంగా కట్టడం మీకే చెల్లింది."

"మీరే ఇచ్చుంటారు మాస్టారూ, నా దగ్గర తప్పు జరగదు" అని కసిరాను కూడా. ఫోల్డరు తెరిచాక తెలిసింది. కామమ్మ అర్జీని ఆయన కథల ఫోల్డర్లోనే సేవ్ చేశాను. పైనున్న 'విషయం' అన్న లైను కథ పేరైపోయింది.

ఇద్దరం కూర్చుని కామమ్మ అర్జీ చదివాం, ఆవిడ మాటల్లోనే ఉంది. మా వీధి మగవాళ్ళు ఈ నీళ్ళకి కిడ్నీలు పాడై, వారానికి మూడు రోజులు పలాస ఆస్పత్రికి వెళ్ళి మిషను మీద రక్తం కడిగించుకుంటారు. ఆ మిషను టైము చూసుకునే మా ఆటో కదులుతుంది. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు పెళ్ళికొడుకుని చూడకముందు మా బావి నీళ్ళు గ్లాసులో పోసి వాసన చూస్తారు. ఇవన్నీ నా చేత్తో నేను కొట్టినవే. ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు.

"చెప్తే నా పుస్తకం పోద్ది. చెప్పకపోతే ఆవిడ బతుకు నా పేరు మీద రాసుకున్నట్టు" అన్నారు మాస్టారు. పాపం, ఆ కాగితాన్ని మడతపెడతారు, విప్పుతారు, మళ్ళీ మడతపెడతారు. తప్పు నాదే అన్నాను. ఎన్నిసార్లు అంటే ఏం లాభం?

నాలుగు రోజులు ఆలోచించి కమిటీకి నిజం రాసేశారు. జవాబు వచ్చింది. చదివి మాకు ఇంకా మతి పోయింది. "మీ లేఖ చాలా బాగుంది. దీన్ని కూడా కథలో భాగంగానే చేర్చమంటారా?" అని అడిగారు.

ఆ సోమవారం కామమ్మ మళ్ళీ వచ్చింది, మొదటి అర్జీకి జవాబు లేదని ఇంకోటి కొట్టించడానికి. జరిగింది చెప్పాం. మాస్టారు కమిటీ వాళ్ళకి ఫోను చేసి స్పీకరు పెట్టారు. ఎవరో ఆడమనిషి, తెలుగావిడే.

కామమ్మ ఫోను దగ్గరికి వంగింది. "అమ్మా, అందులో ఏ ముక్క కతనుకున్నావు?"

"అంటే... నీళ్ళు వాసన చూడడం..."

"మరి సూడరేటి? నీ కూతుర్నిత్తే నువ్వు సూడవా?"

 "క్షమించండమ్మా" అంది అవతలావిడ.

పన్నెండో కథ తీసేశారు. మిగిలిన పదకొండూ తుది జాబితాకి చేరలేదు. మాస్టారు నా కొట్లో స్టూలు మీద కూర్చుని, "ఇరవయ్యేళ్ళు ఊహించానమ్మా. ఒక్కరూ భయపడలేదు" అన్నారు. 

"మీ బవుమతి నా వల్ల పోనాదేటి బాబూ?" అంది కామమ్మ.

"నీ వల్ల కాదమ్మా."

"అయితే ఒక సాయం సెయ్యండి. ఆళ్ళు సదివేరు గదా, సదివితే బయమేసిందని రాసేరు గదా, ఆ కాయితం నాకిచ్చెయ్యండి. ఈ అర్జీకి తగిలిస్తాను."

ఇరవయ్యేళ్ళలో ఆయనకి దక్కిన మెప్పు ఆ ఒక్క కాగితమే. అదీ ఆయనది కాదు. ఆ మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసి, ఆవిడ చేతికిచ్చారు. జతపరచిన పత్రాల జాబితాలో రేషన్ కార్డు నకలు, ఆస్పత్రి చీటీలు, కింద మూడోదిగా అవార్డు కమిటీ ఉత్తరం అని కొట్టాను.

మళ్ళీ అర్జీ పైకెళ్ళి, భర్త పేరు రాసే రెండో లైను దగ్గర ఆగాను. "అప్పా, మీ ఆయన పేరేంటి?"

కామమ్మ నన్ను వింతగా చూసింది. "పోయినపాలి నువ్వే కొట్టేవు గదే?"

ఇప్పుడు ఏ అర్జీ అయినా ముందు పైకి చదివి వినిపించి, ఆ తర్వాతే ప్రింటు తీస్తున్నాను. సోమవారం పని సగం కూడా తెమలడం లేదు, వెనకున్నవాళ్ళు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ. కామమ్మ పెనిమిటి పేరు లోకనాథం.