ఇద్దరి తరఫునా వచ్చిన మనిషి

మా మామ పోయి ఇరవై రోజులైంది. ఆ ఉదయం చోడి అంబలి తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. నేను చెప్పులు వేసుకుంటూ "వెళ్లొస్తాను మామా" అన్నాను. రోజూ "బేగి రా" అనేవాడు. ఆ రోజు అనలేదు. తిరిగి చూస్తే తల పక్కకి వాలి ఉంది.

ముందుగా ఆయన కూతురికి ఫోను చెయ్యాలి. ఆమె ఒకప్పుడు నా భార్య. నాలుగేళ్ల క్రితం ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకున్నాం. కొండ దిగువన ఒక హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తోంది. ఫోనెత్తి "చెప్పు" అంది. నాకు నోరు పెగల్లేదు. "ఎప్పుడు?" అంది. మా కాపురం సాగినన్నాళ్లూ నా మౌనం ఆమెకి విసుగే పుట్టించింది. అర్థమైంది ఆ ఒక్కసారే అనుకుంటాను.

నేను అరకులో కూరగాయల మండీలో పద్దులు రాసేవాణ్ని. బడి చదువు ఆరో తరగతితో ఆగిపోయింది, మిగతాది సొంతంగా నేర్చుకున్నదే. ఆయన గురించి రాసే హక్కు నాకుందో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను. ఆయన నాకోసం చేసింది మంచో, మరొకరికి అన్యాయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆయన కోర్టు అమీనా. కొండ ఊళ్లకి నడిచి వెళ్లి నోటీసులు అందించడం ఆయన ఉద్యోగం. మనిషి ఇంట్లో లేకపోతే తలుపుకి అంటించి వచ్చేయవచ్చట. ఆయన మాత్రం అలా చెయ్యలేదంటారు. పొలం నుంచి మనిషి వచ్చేదాకా రాతి మీద కూర్చునేవాడు. చదువురాని వాళ్లకి చదివి, అర్థం చెప్పి, అప్పుడు వేలిముద్ర వేయించుకునేవాడు. "తలుపుకేటి తెలుస్తాది కోర్టు సంగతి?" అనేవాడు. భార్య పోయాక, ఉద్యోగం అయిపోయాక కూడా అరకు వదల్లేదు. మాది కింద మైదానపు ఊరు, భూమి లేదు. ఏజెన్సీలో గిరిజనులు కాని మాలాంటివాళ్లకి సొంత ఇల్లు కుదరదు కాబట్టి, ఆయన ఉంటున్న అద్దె ఇంటికే నేను ఇల్లరికం వచ్చాను. అద్దె ఇంటికి ఇల్లరికమేమిటని మా అన్నలు నవ్వారు.

నాకూ ఆమెకీ గొడవలు లేవు. ఆమె చెప్పేది, నేను వినేవాణ్ని. వింటున్నానని ఆమెకి తెలిసేది కాదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ "ఈ గోడకి ఓ గిన్నె అన్నం పెడితే అదైనా పలుకుతాదేమో" అంది. తర్వాత హాస్టల్ ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. ఏడాది దాటింది. ఆమె రాలేదు, నేను వెళ్లలేదు. ఆమె తండ్రి ఇంట్లో నేనున్నాను.

ఒకరోజు మామే అన్నాడు. "ఇద్దరూ ఇలగ వేలాడితే ఎలగ? కలుస్తారా, ఇడిపోతారా?"

ఆయన కూతురికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"నాన, నాకు రావాలని లేదు. అతను చెడ్డవాడు కాదు. అలాగని నేనక్కడ ఉండలేను."

"సరే గుంటా. మరి నువ్వేటంటావు అల్లుడూ?"

"ఆమె ఎలా అంటే అలా."

"సూశావా నానా!" అంది ఆమె. "అదే నేను సెప్పేది. ఇప్పుడు కూడా నన్నే సెప్పమంటాడు!"

ఆయన నవ్వాడు. నాకూ నవ్వు రాబోయి ఆగింది. నిజానికి నా భయం వేరు. పెళ్లి పోతే ఆయన దగ్గర ఉండే వీలు కూడా పోతుంది. నా చిన్నప్పుడే మా నాన్న పోయాడు. తిన్నావా అని రోజూ అడిగిన మనిషి ఈయనొక్కడే. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

వకీలుని పెట్టుకుందామని మా అన్న అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "కొట్టుకున్నోళ్లకి వకీలు. ఇద్దరూ ఒకే మాట మీదుంటే మద్దెన మనిషెందుకు? నీ దస్తూరీ బాగుంటాది. నువ్వు రాయి, నేను సెప్తాను." అలా ఆయన చెబుతుంటే నా విడాకుల అర్జీ నేనే రాశాను. పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నాం, భరణం విషయంలో ఒకరి నుంచి ఒకరికి ఏమీ అక్కర్లేదు. కారణం దగ్గర నా కలం ఆగిపోయింది.

"ఏం రాయాలి మామా?"

"కలిసి ఉండలేకపోతున్నాం అని రాయి. కోర్టుకి అంత సాలు."

"ఎందుకు ఉండలేకపోయామో?"

"అది నీకు తెలిస్తే నాకూ సెప్పు" అన్నాడు. వెక్కిరింపు కాదు. ఆయనకీ నిజంగానే తెలియదు.

పెళ్లి కింద మా మైదానపు ఊళ్లో జరిగింది కాబట్టి అక్కడి కోర్టులోనే వెయ్యవచ్చన్నాడు. ఆమె బస్సులో వచ్చింది, మామా నేనూ కిరండూల్ రైల్లో కిందికి దిగాం. పెళ్లి ఫోటో, శుభలేఖ, ఆధార్ నకళ్లు, ప్రమాణపత్రం అన్నీ జతచేశాం. కౌంటరులో గుమాస్తా కాగితాలు తిరగేసి తల గీక్కున్నాడు.

"ఏడాదిగా విడిగా ఉన్నామని రాశారు. ఇద్దరి ఆధార్‌లోనూ ఒకటే ఇల్లుందేటి?"

"అది మా నాన ఇల్లండి" అంది ఆమె.

"మరి ఈయన?"

"ఈయనా అక్కడే ఉంటాడండి. నేనుండను."

గుమాస్తా పక్క బల్లవైపు తిరిగాడు. "ఒరే, ఇది విన్నావేటి? మొగుడు అత్తోరింట్లో ఉన్నాడట, పెళ్లాం పుట్టిల్లొదిలి పోయిందట!" అందరూ నవ్వారు. అర్జీ తిప్పి పంపారు. ఆమె మొహం ఎర్రబడింది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టాను.

ఆమె అప్పుడే హాస్టల్‌కి ఫోను చేసి, ఎప్పటి నుంచి అక్కడే ఉంటోందో రాసిన పత్రం తెప్పిస్తానంది. నాకు మాత్రం ఒకటే తోచింది, నేను ఇల్లు మారాలి. తిరుగు రైల్లో బొర్రా దగ్గర సొరంగాలు వస్తూ పోతూ ఉంటే, వెలుతురు వచ్చినప్పుడల్లా ఆయన మొహం చూశాను. ఆయన వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున బట్టలు మూట కట్టాను.

"ఏటి సేత్తన్నావు?"

"నేనిక్కడ ఉండడం బాగోదు మామా. విడాకులయ్యాక అసలే బాగోదు."

అర్జీ నకలు తెచ్చి నా చేతికిచ్చాడు. "సదువు. ఒకటో పిటిషనరెవరు?"

"ఆమె."

"రెండు?"

"నేను."

"మూడు?"

"లేదు."

"మరి నేనెక్కడున్నాను? నా పేరు తండ్రి పేరు దగ్గరుంది, అంతే. నా మీద నువ్వు కేసెయ్యనేదు, నీ మీద నేను వెయ్యనేదు. నాకు నోటీసే రానేదు. నన్నెలగ ఇడిపోతావు?" అని మూట విప్పేశాడు. "ఇప్పు, ఇప్పు. సొక్కాలు నలిగిపోతాయి."

అది చట్టమో చమత్కారమో నాకు తెలియలేదు. చొక్కాలు తీసి కొక్కేలకి తగిలించాను.

హాస్టల్ పత్రం పెట్టాక అర్జీ తీసుకున్నారు. జడ్జిగారు మా ఇద్దరినీ విడివిడిగా అడిగారు, ఎవరైనా బలవంతం చేశారా అని. లేదన్నాం. వెనకాల నిలబడ్డ మామని చూసి "మీరెవరు?" అన్నారు.

"అమ్మాయి తండ్రినండి, అబ్బాయికి మామనండి. ఇద్దరి తరఫునా వచ్చానండి."

"ఇద్దరి తరఫునా ఒక్కరేనా?" అన్నారు జడ్జిగారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆరు నెలలు ఆగి మళ్లీ రమ్మన్నారు. ఆ ఆరు నెలల్లో మేం మనసు మార్చుకుంటామని మామ ఆశపడ్డాడా? ఎప్పుడూ అడగలేదు. రెండోసారి వెళ్లినప్పుడు కూడా అదే తెల్ల చొక్కా వేసుకుని, అదే చోట నిలబడ్డాడు. డిక్రీ వచ్చింది. ముగ్గురం కోర్టు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఆమె తన చట్నీ నా వైపు జరిపింది, అలవాటుగా. తర్వాత గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాలుగేళ్లు ఆయనతోనే ఉన్నాను. అల్లుడూ అనే పిలిచేవాడు. రోజూ పేపరు నాచేత చదివించుకుని, తప్పు చదివితే కళ్లు మూసుకునే దిద్దేవాడు. కాగితం ఇస్తే రెండుసార్లు చదివి, అప్పుడు మడత పెట్టేవాడు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు రోగికి ఏమవుతారని నర్సు నన్ను అడిగింది. ఆయన దగ్గు మధ్యలో "మా ఇంట్లో మనిషని రాయమ్మా" అన్నాడు.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. ఆయన కూతురు శుక్రవారాలు వచ్చేది. అది అరకు సంత రోజు, నేను పొద్దున పోతే సాయంత్రం దాకా మండీలోనే ఉంటానని ఆమెకి తెలుసు. ఇంటికి వచ్చేసరికి కూర వేరే రుచిలో ఉండేది, దుప్పట్లు ఉతికి ఉండేవి. ఆయన ఏమీ చెప్పేవాడు కాదు, నేను అడిగేవాణ్ని కాదు. ఆమె తన తండ్రి దగ్గరికి నేను లేని వేళ చూసి రావలసి వచ్చింది. నాకు ఒక తండ్రి దొరికాడని సంతోషపడుతూ ఆమె పుట్టింటిని నేను ఆక్రమించానా? ఇద్దరి తరఫునా నిలబడ్డ ఆయనకి ఇది కనపడలేదా? కనపడే ఊరుకున్నాడా? శుక్రవారాలు ఆమెవీ, మిగతా రోజులు నావీ అని ఆయన మనసులో పంచుకున్నాడేమో.

చితికి నిప్పు ఆమే పెట్టింది. నేను కుండ పట్టుకుని వెనక నడిచాను. పన్నెండో రోజు చుట్టాలంతా వెళ్లాక ఇంటి యజమాని వచ్చి, ఇకమీదట ఇల్లు ఎవరి పేర ఉంచాలని అడిగాడు. రేపు చెబుతామని ఆమె పంపేసింది.

"నాకు కోపంగా ఉంది" అంది అరుగు మీద కూర్చుని. "ఆఖరి రోజుల్లో నువ్వున్నావు, నేను లేను. నీ మీదో, నాన మీదో తెలీదు."

ఈసారి ఊరుకోకూడదనుకున్నాను. "నేను వెళ్లిపోయి ఉండాల్సింది" అన్నాను.

"వెళ్తే నానని ఎవరు సూసేవారు?" అంది వెంటనే. మళ్లీ, "అయినా వెళ్లి ఉండాల్సింది" అంది.

రెండూ నిజమే అనిపించింది. లోపల పొయ్యి మీద పాలు పెట్టి ఇద్దరం మరిచిపోయాం. వాసన వచ్చింది. ఆమె తన ఇంట్లో లేచినట్టు లేచింది. నేనూ నా ఇంట్లో లేచినట్టే లేచాను. వంటింటి గుమ్మం దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం, ఎదుటివాళ్లు ముందు వెళ్తారని. లోపల పాలు గిన్నె అంచు దాటి, సుయ్యిమంటూ పొయ్యి మీదకి జారిపోతున్నాయి.