అంజనమ్మ పక్కన ఒక గంట

అంజనమ్మను మొదటిసారి చూసినప్పుడు పనిమనిషి అనుకున్నాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని, చీపురుతో హాలు ఊడుస్తూ ఉంది. యోగా మేష్టరు ఎప్పుడొస్తాడని అడిగాను.

"వచ్చే ఉండాడు లేప్పా. చెప్పులు ఆడ ఇడిసి, కాళ్ళు కడుక్కోని రా" అంది. చీపురు మూలకు ఆనించి, అందరికీ ఎదురుగా ఉన్న చాప మీద తనే కూర్చుంది.

నా పేరు కేశవమూర్తి. చింతామణిలో మా తాతనాటి కిరాణా అంగడి మాది. పొద్దున పూజ చేసి అంగడి తీసేవాణ్ణి. పన్నెండేళ్ళుగా ఆ పూజకు ముందే ఒక గుక్క పడాల్సి వచ్చేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరందరికీ చెప్పే నోరే నాది. చివరికి నా భార్య అంబిక, బాగేపల్లి దారిలో మామిడితోట మధ్య ఉన్న ఈ తాగుడు మాన్పించే కేంద్రంలో నన్ను దింపి, ఒకే మాట చెప్పింది. "తొంభై దినాలు ముగించుకోని రాండి. నడుమలో లేసొస్తే నేనూ రంజితా ఆ ఇంట్లో ఉండము." ఆమె బెదిరించే రకం కాదు, చెప్పిందంటే చేస్తుంది. రంజిత మా కూతురు. ఆ రోజు కారు దిగనే లేదు.

మొదటి పదిరోజులూ డాక్టరు మందులతో గడిచాయి. ఆ తర్వాత అంజనమ్మ చేతిలో పడ్డాను. తెల్లారి ఆరు గంటలకు చాప మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమంటుంది.

"ఊపిరి యాడ తగుల్తాండాదో చూడప్పా. ముక్కు కొననా, కడుపులోనా?"

నలభై ఎనిమిదేళ్ళుగా పీలుస్తున్న ఊపిరిని కొత్తగా చూసేదేమిటని నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకసారి అడిగేశాను కూడా. "చూసి ఏం చెయ్యాలమ్మా?"

"ఏమీ చెయ్యొద్దు. ఊరికే చూడు. మంచిగుంటే మంచిగుండాది, బరువుగుంటే బరువుగుండాది. దాన్ని బాగు చెయ్యొద్దు."

నావల్ల అయ్యేది కాదు. రెండు నిమిషాలకే కాలుగాలిన పిల్లిలా లేచి తిరిగేవాణ్ణి. ఆమె తిట్టేది కాదు. నేను తిరిగొచ్చి కూర్చునేదాకా చూసి, "వస్తివా, రా" అనేది. శవాసనంలో నేను గుర్రుపెడితే మాత్రం కాలి బొటనవేలు పట్టి లాగేది. "నిద్రకు రేతిరుండాది కదప్పా, ఇప్పుడు మేలుకో."

ఈ అంజనమ్మ బడిలో ఏడో క్లాసు దాటలేదు. భర్త చెన్నరాయప్ప పదకొండేళ్ళ కిందట ఇదే కేంద్రంలో ఉండి, ఇంటికి పోయాక మళ్ళీ మొదలుపెట్టి, రెండేళ్ళకు చనిపోయాడు. ఆయన పోయిన ఏడాదికి ఆమె ఈ గేటు దగ్గరికి వచ్చి ఏదైనా పని ఇమ్మని అడిగింది. ముందు ఊడ్చే పని ఇచ్చారు. ఊడుస్తూ ఊడుస్తూ వెనక వరసలో కూర్చుని యోగా నేర్చుకుంది. చిక్కబళ్ళాపురంలో కన్నడంలో పరీక్ష రాసి ఒకసారి ఫెయిలయింది. రెండోసారి పాసయి వచ్చిన రోజు కూడా హాలు తనే ఊడ్చిందట. మనిషికి అంత మొండితనం ఉండాలి. నాకు ఆమె అంటే ఎప్పుడు ఇష్టం కలిగిందో చెప్పలేను గానీ, అరవయ్యో రోజుకల్లా ఆమె రాకపోతే నాకు తెల్లారినట్టు ఉండేది కాదు.

కేంద్రం గోడ పక్కనే ఆమె మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. మూడో నెలకు వచ్చినవాళ్ళను నలుగురిని పొద్దున పూట అక్కడికి పనికి తీసుకుపోయేది. ఆకు కోయడం, తట్టల్లో వెయ్యడం, చెత్త తియ్యడం. మిగతా ముగ్గురూ రైతులు. అంగడివాణ్ణి నేనొక్కడినే. పురుగులు ఆకు తింటుంటే షెడ్డంతా చినుకులు పడుతున్నట్టు చప్పుడు. ఊపిరిని చూడలేనివాణ్ణి, ఆ చప్పుడు వింటూ మాత్రం పావుగంట కదలకుండా నిలబడేవాణ్ణి.

ఒక శనివారం పొద్దున పోయేసరికి ఆ చప్పుడు లేదు. పురుగుల మీద సున్నం పొడి చల్లి ఉంది. అన్నీ తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. అంజనమ్మ తోట అవతల ఉంది. మిగతావాళ్ళు ఆకు కోస్తున్నారు. నన్ను తట్టలు కడగమని పంపారు.  పుట్టినప్పటి నుంచీ అంగట్లో పెరిగినవాణ్ణి. ఎదురుగా ఎవరైనా తలెత్తి చూస్తే వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేను. గోతాం కింద తడిగా ఉంచిన ఆకు తీసి, నాలుగు తట్టల్లో వేశాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

పురుగు పాత చర్మం విడిచే ముందు ఒక దినం అలా తిండి మాని నిద్రకు కూర్చుంటుందట. అప్పుడు దాన్ని కదిలించకూడదు, ఆకు వెయ్యకూడదు, తడి అసలు తగలకూడదు, సున్నం చల్లేది అందుకేనట. ఈ సీమలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి నాకు తెలియదు. మర్నాడు ఆదివారానికి ఆ నాలుగు తట్టల్లో సగం పురుగులు వాడిపోయాయి. రోగం పక్కవాటికి తగులుతుందని అంజనమ్మ తట్టలకు తట్టలే తీసుకుపోయి గుంతలో పూడ్చింది. వచ్చి మా నలుగురినీ చూసి, "ఎవురప్పా ఆకేసింది?" అని ఒక్కసారి అడిగింది.

నేను నోరు తెరవలేదు. ఆమె రెండోసారి అడగలేదు.

అరవై ఎనిమిది రోజులు తాగకుండా ఉన్నవాణ్ణి, అబద్ధం మాత్రం అలాగే మిగిలి ఉంది నాలో. సిగ్గుతో గొంతు ఎండింది. ఆ ఎండిన గొంతుకు ఏం కావాలో నాకు బాగా తెలుసు. మధ్యాహ్నానికి చేతులు వణకడం మొదలయింది. సంచి సర్దుకుని గేటు దగ్గరికి పోయాను. అంబిక మాట గుర్తుంది. గుర్తున్నా కాళ్ళు ఆగలేదు.

ఇక్కడ ఎవరినీ బలవంతంగా ఆపరు. పోతానంటే ఒక గంట ఆగమంటారు. అప్పటికీ పోతానంటే కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపుతారు. కౌన్సిలర్ సహన ఆదివారం రాదు. తాళాలూ కాగితమూ అంజనమ్మ దగ్గర ఉన్నాయి. ఆమె వచ్చి గేటు పక్కన అరుగు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. సుద్దులు చెబుతుందనుకున్నాను. తాళాల గుత్తి చేత పట్టుకుని రోడ్డు వైపే చూసింది.

పావుగంటకు నేనే అన్నాను. "ఆకేసింది నేనేనమ్మా."

"తెలుసు లేప్పా. తమలపాకు కట్ట మాదిరి వరసగా పేర్సింటివి. రైతు అట్ల ఏస్తాడా?"

నవ్వు రావలసిన మాటే. నాకు ఏడుపొచ్చింది. "తల ఎత్తి నన్నే చూస్తాన్నట్టు అనిపించింది. ఆకలేమో అనుకుంటి. చూడలేకపోయినా."

ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పి నా వైపు తిరిగింది.

"నేనూ అట్లనే చేస్తినప్పా. మా ఆయప్ప ఈడ తొంభై దినాలుండి ఇంటికొచ్చినాడు. నాలుగో దినం గడపలో కూర్చోని ఏడ్చినాడు. తాగుతానని కూడా అన్లేదు. చేతులు నలుపుకుంటా ఊరికే ఏడ్చినాడు. చూడలేకపోయినా. నేనే అంగడికి పోయి సీసా తెచ్చి, నా చేత్తోనే లోటాలో పోసిస్తి. ఒక గంట పక్కన కూర్చోనుంటే అది దాటిపొయ్యేది. ఆ పొద్దు నాకు తెలీదు."

"ఎవురికైనా చెప్పినారా?"

"నీకే చెప్తాండా."

 కోరిక ఒకసారి పొట్టలో లేచి గొంతుదాకా వచ్చింది. మళ్ళీ తగ్గింది. మళ్ళీ వచ్చింది, కాస్త తక్కువగా. దాన్ని బాగు చెయ్యబోలేదు. ఎక్కడ తగులుతుందో చూస్తూ ఉన్నాను. బస్సులు రెండు పోయాయి.

"గంటయింది" అంది అంజనమ్మ, కాగితం నా ముందు పెట్టి. "పోతావా?"

"పోనమ్మా."

నా చేతుల వణుకు ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. కానీ ఆమె చేతిలో తాళాలు గలగలమంటున్నాయి. గంటసేపు నన్ను అలా చూస్తూ ఊరుకోవడం ఆమెకు ఎంత కష్టమయిందో అప్పుడు తెలిసింది. లేచి నీళ్ళు తెచ్చివ్వాలనిపించింది. మీ తప్పేమీ లేదని ఏదో ఒక మాట ఆమె చేతిలో పెట్టాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. ఆ తాళాల చప్పుడు ఆగేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను.