కెమెరా వెనక గొంతు

మా స్టూడియో బాబాయి పోయాడని పిన్నే ఫోన్ చేసి చెప్పింది. బుచ్చయ్యపేటలో పెళ్లి తీస్తూ, జీలకర్ర బెల్లం అయ్యాక కుర్చీలో కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. ఆ తెల్లవారుజామున పిన్ని నిద్ర చెడగొట్టడం దేనికని లేపకుండానే బయల్దేరాడు. ఆవిడ ఏడుపులో నాకు స్పష్టంగా వినపడింది ఒక్క మాటే. "సెప్పకుండా ఎల్లిపోయేడమ్మా."

గవరపాలెంలో వాళ్లింటి ముందుగదే స్టూడియో. దేవరాపల్లి దాకా ఎవరింట్లో పెళ్లయినా కెమెరా బాబాయిదే. డిగ్రీ అయ్యాక నేను అక్కడ వీడియో మిక్సింగ్‌కి చేరాను. వాళ్లు ముస్లింలు, మేం చెరకు రైతులం. వరసలెలా కలిశాయో తెలీదు గానీ మొదటి రోజే ఆయన బాబాయి, ఆవిడ పిన్ని అయిపోయారు.

అక్కడ నా మొదటి పని ఆయన గొంతు తీసేయడం. వీడియో తీస్తూ నోరు మూసుకునే రకం కాదు మరి. "గెడ్డం పైకెత్తమ్మా." "పెళ్లికొడకా, ఆ మొహమేటి, పరీక్షకొచ్చేవా?" "బావా, పెళ్లికూతురు కనపడ్డం లేదు, నీ బొజ్జే కనపడతన్నాది." అవన్నీ కోసేసి, పాట వేసి పార్టీవాళ్లకి ఇచ్చేవాళ్లం. కోయకముందటి వీడియోలు మాత్రం ఒక నల్ల హార్డ్ డిస్కులో దాచేవాడు.

ఆ డిస్కుకు జరిగే మర్యాద నాకు జరిగేది కాదు. కంప్యూటర్‌కి పెట్టేటప్పుడు బిస్మిల్లా. ఎజెక్ట్ నొక్కి తీసేటప్పుడు వీడ్కోలుగా ఖుదా హాఫిజ్. నేనొకసారి తొందరలో ఊడబీకితే పెద్ద గొడవ చేశాడు. "ఇంటికొచ్చినోళ్లనీ ఇలాగే గెంటేత్తావేటే?" ఇంకో మాట మాత్రం నవ్వకుండా చెప్పేవాడు. "లోపల టిక్కుటిక్కుమందంటే మరి ఆలోసించకు, తీసీ. ఇంకొక్కసారి సూద్దామనుకున్నోడికి ఏటీ మిగల్దు."

ఈమధ్యే ఒక రోజు ఆ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని, "దీని గొంతు మారిందే," అన్నాడు. వెంటనే ఇంకోదాంట్లోకి ఎక్కించేద్దామన్నాను. "ఈ ముహూర్తాలు అయిపోనీ," అన్నాడు. ఒళ్లు మండింది నాకు. రెండో కాపీ ఉందా లేదా అని ఊరందరికీ క్లాసు పీకే మనిషి! మెట్లెక్కితే వచ్చే ఆయాసం గురించి పిన్ని అడిగినా అదే జవాబట. అది తర్వాత తెలిసింది.

మొన్న పిన్ని రమ్మంది. "ఆయన గొంతు వినాలనున్నాదమ్మా. ఫోనంతా ఎతికేను. అన్నీ ఊరోళ్ల మొహాలే." ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపే అలవాటు ఆయనకు లేదు. ఇక మిగిలింది ఆ డిస్కే. అప్పటికే ఆవిడ దాన్ని కంప్యూటర్‌కి పెట్టి చూసింది, ఏమీ రాలేదు.

నేను పెట్టినా అంతే. లైటు వెలుగుతోంది, స్క్రీన్ మీద పేరు లేదు. ముందు వైరును అనుమానించు, తర్వాత అది గుచ్చే కంతను, డిస్కును ఆఖరున, అనేవాడు బాబాయి. వైరు మార్చాను. లాభం లేదు. కంప్యూటర్ ముందువైపు కంతలోంచి తీసి వెనకవైపు కంతలో పెట్టాను. వచ్చింది! పిన్ని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

చేతికందిన పెళ్లి తెరిచాను. చీకటి మండపం, ఎవరో పెళ్లికూతురు. "లైటు కొంచెం ఇటు... ఆఁ. ఇటు సూడమ్మా, ఒకసారి..."

బొమ్మ ఆగిపోయింది. డిస్కులోంచి చిన్న చప్పుడు. టిక్కు. కాసేపాగి మళ్లీ టిక్కు. ఫోల్డర్లన్నీ మాయమై స్క్రీన్ మీద ఒక పెట్టె వచ్చింది.

"ఏటంటాది?" అంది పిన్ని.

"ఫార్మాట్ చెయ్యనా అంటోంది. ఉన్నదంతా తుడిచేసి ఖాళీ చెయ్యనా అని."

గభాలున నా చెయ్యి పట్టుకుంది. "వద్దను."

వద్దన్నాను. "ఇప్పుడే తీసెయ్యాలి పిన్నీ. వైజాగ్‌లో ఇలాంటివి విప్పి చూసేవాళ్లున్నారు. వస్తుందని మాటివ్వలేను."

"ఒక్కసారమ్మా. ఆ మాట పూర్తవనీ."

టిక్కుల మధ్య వ్యవధి తగ్గుతోంది. నాకు నిజంగా భయం వేసింది. ఆ మాట పూర్తిగా వినాలని నాకు మాత్రం లేదా? అయినా బాబాయి ఏం చెప్పేవాడో చెప్పాను. ఎజెక్ట్ నొక్కితే, ఇంకా వాడుకలో ఉంది, తీయడం కుదరదంది. కంప్యూటర్ ఆపేయబోతూ ఆవిడ వైపు చూశాను.

పిన్ని డిస్కు మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"ఖుదా హాఫిజ్," అంది చివరికి. "ఆపీమ్మా."

లైటు ఆరింది. చప్పుడూ ఆగింది. వైరు తీసి, డిస్కును పెట్టెలో పెడదామని చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు.

"ఇంకా ఎచ్చగానే ఉన్నాదే," అంది. రెండు చేతుల్లో పట్టుకుని, అది చల్లారేదాకా అలాగే కూర్చుంది.