మునిరత్నమన్న చూడని ప్లాను

వేలూరు పాత బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు నిన్న నా కాళ్ళు ఆగిపోయాయి. లోపల ఎవరో సోల్డరింగ్ చేస్తున్నారు. కరిగిన సీసం, గుగ్గిలం కలిసిన ఆ పొగ వాసన మునిరత్నమన్న గదిలో ఎప్పుడూ ఉండేది. తొంభైల నడుమ, వీధివీధినా కంప్యూటర్ సెంటర్లు వెలుస్తున్న రోజుల్లో, ఆయన ఒక మేడ మీది గదిలో కంప్యూటర్లు తనే బిగించి ఇచ్చేవాడు. మేస్త్రీలకు కంప్యూటర్‌లో ఇళ్ళ ప్లాన్లు గీసి పెట్టేవాడు. తండ్రి పోవడంతో ఇంజనీరింగ్ రెండో ఏట చదువు ఆపేసిన మనిషి.

నేనప్పుడు సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. రోజూ మా ఊరు గుడియాత్తం నుంచి బస్సులో వేలూరు వచ్చేదాన్ని. కాలేజీ ల్యాబులో నా వంతు వచ్చేసరికి తిరుగు బస్సు వేళయ్యేది. ప్రాజెక్టు పూర్తికాదని నేను ఏడిస్తే, ఇళ్ళు కట్టే మేస్త్రీ అయిన మా నాయన కంప్యూటర్ కొంటానని నన్ను మునిరత్నమన్న దగ్గరికి తీసుకొచ్చాడు.

"మంచిది ఒకటి చెప్పప్పా" అన్నాడు నాయన.

"ఊరికే మంచిదంటే ఏం చెప్పేది? పాపా, నువ్వు ఏ సాఫ్ట్‌వేర్ వాడాల, ముందు అది చెప్పు" అన్నాడు మునిరత్నమన్న. చెప్పాను. "బిల్డింగ్ డ్రాయింగంటే లెక్కలు చేసే భాగం చిప్పులోనే ఉండాల. డీఎక్స్ అని ఉండేది తీసుకో. ఎస్సెక్స్ వద్దు, దాంట్లో ఆ భాగం ఉండదు. తెర చిన్నదైనా సరి."

నాకంతా అర్థమైంది. అయినా వారం తర్వాత, ఊరికే చూసి వద్దామని వెళ్ళిన పెద్ద షోరూములో రంగుల తెర మీద చేపలు ఈదుతుంటే, స్పీకర్లలో పాట వస్తుంటే మనసు అటే పోయింది. పెట్టె మీద ఎస్సెక్స్ అని ఉండడం చూశాను. ఇంగ్లీషు చదవలేని నాయన "ఇది సరిపోతాదా అమ్మా?" అని అడిగాడు. "సరిపోతాది నాయనా" అన్నాను.

ఇంటికొచ్చిన ఆ కంప్యూటర్ పాటలు పాడింది. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. నాయనకు చెప్పే ధైర్యం లేక మునిరత్నమన్న ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన తిట్టలేదు. తన కంప్యూటర్ విప్పి, బిస్కెట్టంత చిప్పు ఊడదీశాడు.

"ఇది పెట్టుకుందాం. ప్రాజెక్టు ముగిసినాక తెచ్చియ్యి."

"మరి నీ పని అన్నా?"

"అంతవరకు చేత్తో గీసుకుంటాలే."

ఆదివారం గుడియాత్తం వచ్చి తనే బిగించాడు. ఏమైందని నాయన అడిగితే "చిన్న రిపేరప్పా" అన్నాడు.

ప్రాజెక్టు ముగిసింది. చిప్పు తిరిగి ఇవ్వలేదు. ఉద్యోగానికి పోయే ముందు ఇంకొంచెం చేయి తిరగాలనుకున్నాను. ఆయనా అడగలేదు. ఏడాది తర్వాత వెళితే ఆ మేడ గదిలో కుట్టుమిషన్లు ఉన్నాయి. చేత్తో గీసే ప్లాన్ల కోసం ఆగలేక మేస్త్రీలంతా వేరే చోటికి పోయారని అక్కడి టైలరు చెప్పాడు. వెతుక్కుంటూ వెళితే, లత్తేరి దగ్గర ఒక ఇంటి పనిలో ఇటుకలు పేరుస్తూ కనిపించాడు.

చిప్పు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "కొత్త రకాలు వచ్చేసినాయి పాపా. దీన్నింక ఎవరు వాడతారు?"

తప్పయిందని చెప్పబోయాను. ఆయన చెప్పనివ్వలేదు. సిమెంటు చేతులు లుంగీకి తుడుచుకుని, "నీ ప్లాను బాగా వచ్చినాదా? యాడ, చూపించు" అని చేయి చాచాడు.

నేను తీసుకురాలేదు. తీసుకురావాలని నాకు తోచనే లేదు. "రేపు తెస్తానన్నా" అన్నాను.

రేపు కాదు, నెల దాటినా వెళ్ళలేకపోయాను. ఆ మనిషి ఎదుట మళ్ళీ నిలబడే ధైర్యం చాలలేదు. చివరికి ప్లాను చుట్ట పట్టుకుని వెళ్ళేసరికి గోడలు లేచి, పనివాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన ఎక్కడికి పోయాడో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో ఎన్నో భవనాలకు ప్లాన్లు గీశాను. బాగున్నాయంటారు. అలా అన్న ప్రతిసారీ, ముందుగా చూడవలసిన మనిషికి చూపించలేదన్నదే గుర్తొస్తుంది. ప్రాజెక్టుకు గీసిన ఆ మొదటి ప్లాను చుట్టను మాత్రం, కాలేజీలో చూపించాక ఇంతవరకూ విప్పి ఎవరికీ చూపించలేదు.