మొదటి గ్రేడు

ఆపరేషన్ చేసి నా రొమ్ములోంచి తీసిన గడ్డను పరీక్షకు పంపారు. క్యాన్సర్ మళ్లీ వస్తుందా, రాదా అన్నది ఆ రిపోర్టు చూశాకే చెప్తామన్నారు. నేనేమో గోదావరిఖనిలోని మా ఇంటి వాకిట్లో కూర్చుని పక్కింటి అక్కతో మామిడికాయ పచ్చడి ముచ్చట్లు పెట్టేదాన్ని. దిగులంతా మా ఆయనే గుత్తకు తీసుకున్నాడు.

రిపోర్టు వచ్చిందని కరీంనగర్ దవాఖానకు పోయాం. డాక్టరమ్మ కాగితం చూసి "గ్రేడ్ వన్" అందో లేదో, మా ఆయన మొహం మాడిపోయింది.

"వన్నేనా మేడం? ఇంకోపారి సూడుండ్రి."

"వన్నే" అని ఆమె నవ్వింది.

"మనిషి పానం మీదికొస్తె నవ్వుతరేంది మేడం?"

తప్పు ఆయనది కాదు. బాయిలో, అదే బొగ్గు గనిలో, పనిచేసీ చేసీ రిటైరైన మనిషి. బొగ్గుకు గ్రేడు నంబరు ఎంత చిన్నదైతే మంట అంత జోరు. మన బొగ్గుకు ఒకటో నంబరు రాదని ఆయనకు ఎప్పుడూ చిన్నతనమే. అలాంటిది, ఆ ఒకటో నంబరు పోయి పోయి పెళ్లాం గడ్డకు వచ్చింది!

సంగతి విన్న డాక్టరమ్మ ఇంకా గట్టిగా నవ్వింది. "క్యాన్సర్‌లో ఒకటంటే నెమ్మది రకమండీ. చంకలోకి కూడా పాకలేదు. మళ్లీ వచ్చే ప్రమాదం తక్కువ. అమ్మ రోజూ మాత్ర వేసుకోవాలి, పిలిచినప్పుడల్లా పరీక్షకు రావాలి, అంతే."

"తక్కువంటే, ఇగ రాదన్నట్టేనా మేడం?" అని నేనడిగాను.

"రాదని ఎవరూ రాసివ్వలేరమ్మా. తక్కువని మాత్రం ధైర్యంగా చెప్తాను."

బస్సెక్కగానే మా ఆయన మిర్చి బజ్జీల పొట్లం విప్పాడు. పెళ్లికి పోయొస్తున్నవాడిలా ఉన్నాడు. భయం అప్పుడు పట్టుకుంది నన్ను, ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో ఏమో. నాకిచ్చిన బజ్జీని మళ్లీ పొట్లంలోనే పెట్టేశాను.

"రాదనైతే చెప్పలే కదా" అన్నాను.

ఆయన నమలడం ఆపి నావైపు తిరిగాడు. "నేను బాయిల దిగినన్ని దినాలు, మల్ల ఇంటికొస్తనని నీకెవలన్న చెప్పిండ్రా?"

ఎవరూ చెప్పలేదు. అయినా ఏ షిఫ్టుకు పోయిననాడూ ఆయన వంతు బియ్యం తగ్గించి వండలేదు నేను.