గొట్టంలో కదలని నీళ్లు

2023 జనవరి. కెనడాలోని బ్రాంప్టన్‌లో, ఇళ్లని గ్యాస్‌తో వేడిచేసే ఫర్నేస్‌లు బాగుచేసే గ్యాస్ టెక్నీషియన్‌గా నాకది పదకొండో చలికాలం. ఆ ఏడాది ఏ బేస్‌మెంట్ మెట్లు దిగినా కాలేజీల్లో చేరడానికి వచ్చిన మన పిల్లలే కనిపించేవారు.

ఆ ఇంట్లో పైన ఓనర్ రామ్మోహన్ గారి కుటుంబం, కింద బేస్‌మెంట్‌లో అద్దెకు ముగ్గురు అమ్మాయిలు. ఇల్లు సరిగా వేడెక్కడం లేదని ఆయన పిలిచారు. ఫర్నేస్‌కి మానోమీటర్ తగిలించాను. యూ అక్షరంలా వంచిన గొట్టంలో నీళ్లుంటాయి. ఒక కొస గ్యాస్ పైపుకి, రెండోది గాలికి. గ్యాస్ నెట్టే కొద్దీ అవతలివైపు నీళ్లు లేస్తాయి. ఆ రెండు ఎత్తుల తేడాయే, బయటి గాలికన్నా గ్యాస్ ప్రెషర్ ఎంత ఎక్కువో చెబుతుంది. ఏడు అంగుళాలు వచ్చింది. ఉండాల్సినంతే ఉంది. దుమ్ము పట్టిన గాలి ఫిల్టర్ మార్చాను.

ముగ్గురిలో స్రవంతిది కరీంనగర్, చదివేది కెమిస్ట్రీ ల్యాబ్ కోర్సు. పక్కనే నిలబడి అంతా చూసింది.

"అన్నా, మాకు రోజూ పొద్దుగాల తల నొస్తుంది. కాలేజీకి పోతే తగ్గుతుంది."

"చలికాలం కదమ్మా, కిటికీలన్నీ మూసేస్తారు. నీళ్లు బాగా తాగండి," అనేసి వచ్చేశాను.

నాలుగో రోజు ఉదయం తనే ఫోన్ చేసింది. "అన్నా, మా రూమ్మేట్ పడిపోయింది, వాంతులు. అంబులెన్స్‌కి చెప్పినం. మొన్న మీరు లోపలికొచ్చే గ్యాస్ ప్రెషర్ కొలిచిన్రు. పొగ బయటికి పోతుందో లేదో చూసిన్రా?"

నేను చూడలేదు.

"ముందు అందరూ బయటికి రండి. పైనవాళ్లని కూడా లేపండి," అన్నాను.

నేను వెళ్లేసరికి ఆ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఫైర్ సిబ్బంది ఇల్లంతా గాలి ఆడేలా చేశాక, వాళ్ల ఎదుటే లోపలికి వెళ్లి మానోమీటర్‌ని ఈసారి పొగను లాగే ఫ్యాన్ దగ్గర కలిపి, ఒక్క నిమిషం నడిపించాను. ఫ్యాన్ లాగుతుంటే నీళ్లు అటువైపు లేవాలి. దాదాపు కదలలేదు. బయట గోడకి నేల దగ్గరగా ఉన్న పొగగొట్టం మూతి మీద, డ్రైవ్‌వే నుంచి ఎత్తిపోసిన మంచు గడ్డకట్టి ఉంది. పొగ పోకపోతే ఫర్నేస్‌ని ఆపేసే ప్రెషర్ స్విచ్ ఒకటుంటుంది. అది పనిచేయకుండా దాని వైర్లు రెండూ మెలేసి కలిపేశారెవరో.

"మాటిమాటికీ ఆగిపోతుంటే తెలిసినతను అలా చేశాడండీ," అన్నారు రామ్మోహన్ గారు. ఆయన ముఖం పాలిపోయింది. "అయినా వాసనే రాలేదే!"

"ఇది పొగలో ఉండే విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్ అండీ. దీనికి వాసన ఉండదు."

గ్యాస్ కట్టేసి, ఫర్నేస్ వాడకూడదని ఎర్ర ట్యాగ్ కట్టాను. బయట మైనస్ పదిహేను. ఆయన పార తీసుకుని మంచు తవ్వడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో ఆ అమ్మాయికి ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి లేచి కూర్చుంది.

మర్నాడు స్విచ్ మార్చడానికి వెళ్లినప్పుడు స్రవంతికి నా తప్పు ఒప్పుకున్నాను.

"మొదటి రోజే అడుగుదామనుకున్న అన్నా," అంది. "మీకు తెల్వదా అని ఊకున్న."

ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా ముందు అక్కడుండేవాళ్లు చెప్పేది పూర్తిగా వింటాను. మానోమీటర్ మనం కలిపిన చోటి సంగతే చెబుతుంది. ఎక్కడ కలపాలో వాళ్లకే తెలిసి ఉండొచ్చు.