యూసుఫ్ సాబ్ చక్కెర లేని లడ్డు

"చక్కెర లేదంటివి గదా సాబన్నా! లేని చక్కెర మా ఆయప్ప ఒంట్లోకి యాడినుంచి వచ్చింది?"

"నన్నడిగితే ఎట్లమ్మా? ఇంట్లో నువ్వేం పెడతాండావో!"

"నేను పెట్టేది జొన్నరొట్టె, పుంటికూర. నువ్వు పెట్టేది పూటకు నాలుగు లడ్లు!"

ఆదోని పత్తి మార్కెట్టు వెనక ఆసుపత్రి వరండాలో బసమ్మకూ మిఠాయి అంగడి యూసుఫ్ సాబ్‌కూ జరుగుతున్న ఈ రగడ లోపల కాంపౌండరు ఎల్లప్ప చెవిన పడుతూనే ఉంది. తలెత్తి చూసే తీరిక అతనికి లేదు. చేతిలో పట్టకారు, పట్టకారులో గాజు గొట్టం, దాని కింద స్పిరిటు దీపం. గొట్టంలో చక్కెరను పట్టిచ్చే నీలం మందు, ఆ మందులో బసమ్మ మొగుడు శేషప్ప ఉచ్చ ఎనిమిది చుక్కలు. నీలం నీలంగానే నిలిస్తే మనిషి క్షేమం. ఇదేమో కాగేకొద్దీ ఆకుపచ్చయి, పసుపయి, ఆఖరికి ఇటుక రంగుకు దిగింది, అంటే చక్కెర నిండా ఉన్నట్టే.

శేషప్పది మార్కెట్టులో పత్తి బోరేలు తూచే పని. పొద్దస్తమానం కాటా దగ్గర నిలబడాలి. కాలి బొటనవేలికి పుండు లేచి రెండు నెలలైంది, మానడం లేదు. నెలలో చక్కెర దిగకపోతే వేలు తీసెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు.

ముప్పై ఏళ్లుగా సాయంత్రమైతే శేషప్ప కూర్చునేది యూసుఫ్ సాబ్ మిఠాయి అంగట్లోనే. పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి, ఎన్ని తీగలు వచ్చాయో చూసి పొయ్యి దించే మనిషి సాబ్. దోస్తుకు చక్కెర జబ్బని తెలిసినరోజు ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడే మందుల షాపులో చక్కెర లేకుండా తీపినిచ్చే సాక్రిన్ బిళ్లలు కొన్నాడు. నీళ్లలో కరిగించి బూందీ మీద పోశాడు. తీపి అయితే వచ్చింది గానీ లడ్డు నిలవలేదు. నిలబెట్టేది పాకం, సాక్రిన్‌కు పాకం ఎక్కడిది? అందుకని కట్టు కోసం కాస్త బెల్లప్పాకం పోశాడు. సాక్రిన్ చేదు చావడానికి ఇంకాస్త పోశాడు. బెల్లం ఘాటు తెలియకుండా నెయ్యి, జీడిపప్పు దట్టించాడు. 'షుగర్ రోగులకు ప్రత్యేకం' అని బోర్డు రాయించాడు.

"బెల్లమంటే చెరుకు రసమే గదప్పా! రోగమంతా మిల్లులో తెల్లగా చేసేదాంట్లో ఉండాది" అనేది ఆయన సిద్ధాంతం. ఊరు దాన్ని లడ్డుతో పాటే మింగింది. జబ్బు భయంతో ఒకటి తిని చెయ్యి కడుక్కునేవాళ్లు, ఇప్పుడు ధైర్యంగా నాలుగు తింటున్నారు. పథ్యం చేస్తున్నామన్న తృప్తి అదనం. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చి కట్టించుకుపోయేవాళ్లున్నారు. డాక్టరుగారి ఇంటికి వారానికొక డబ్బా పోతుంది. దాన్ని మోసేది ఎల్లప్పే.

"ఎల్లప్పా! ఈమె నోరు మూతపడాల. నా లడ్డునే కాంచి సూడు!" యూసుఫ్ సాబ్ పొట్లంతో సహా లోపలికి వచ్చేశాడు.

"ఉచ్చ కాంచే గొట్టంలో లడ్డు ఏంది సాబ్?"

"కడిగి కాంచప్పా!"

ఎల్లప్ప గొట్టం కడిగాడు. లడ్డు ముక్కను వేడినీళ్లలో నలిపి, గుడ్డలో వడకట్టి, నీలం మందులో కలిపి దీపం మీద పెట్టాడు. శేషప్ప ఉచ్చ మధ్యలో రెండు రంగులైనా చూపించింది. లడ్డు ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదు. చూస్తుండగానే ఇటుకైపోయింది.

"అది బెల్లమప్పా..." అన్నాడు సాబ్.

"కావచ్చు సాబ్. ఒంటికి ఆ తేడా తెల్దు."

గుమ్మంలోంచి బసమ్మ అంతా చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, మొగుడి చీటీ తీసుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే సాబ్‌కు కొంచెం నయంగా ఉండేది.

"ఈ లడ్డు ఇంగ సెయ్యను" అన్నాడాయన.

"మంచిది సాబ్."

"ఏం మంచిది? ఇది లేకపోతే శేషప్ప అసలు చక్కెర లడ్డు మీద సెయ్యేస్తాడు. ముప్పై ఏండ్లు వానికి లేదనలే. అంగడికి రావద్దంటే వాడు యాడికి పోతాడప్పా? వచ్చి అడిగితే పెట్టకుండా నా సెయ్యి ఆగదు."

ఎల్లప్ప దీపం ఆర్పాడు.

"నీ పని ఐదుకు అయిపోతాది గదా? రేపటి నుంచి వచ్చి మా ఇద్దరి నడుమ కూసో అప్పా."